తిమ్మయ్య రక్తం

పేగుల్లోని రోగనిరోధక శక్తిపై పరిశోధన చేసే వసుధ ధర్మవరంలో తిమ్మయ్య ఇంటికి చేరేసరికి కరెంటు పోయింది. నెలనెలా ఆయన రక్తం తీసుకుని బెంగళూరు ల్యాబుకు పట్టుకెళ్తుంది. వీధిలో మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. తిమ్మయ్య చేతిమగ్గం ఒక్కటే చీకట్లో ఆడుతోంది.

"రాండి మేడం. తలుపు గడియేసి రాండి."

ఆమె ఫోను లైటు వేసింది. తిమ్మయ్య మగ్గం కింది గుంటలోకి కాళ్లు దించి, చీర చుట్టే కర్రకు పొట్ట గట్టిగా ఆనించి నేస్తున్నాడు. పేగుపూత వచ్చినప్పటి నుంచి ఆ కర్ర తగిలితే చాలు, మెలికలు తిరిగిపోయే మనిషి.

"నొప్పి లేదా?"

"యాడిది మేడం? లోపల కాపలా ఉండేటోళ్లు సొంతోళ్లనే దొంగలనుకొని కొడతాండారని మీరే చెప్తిరి గదా. ఇప్పుడు గమ్మునుండారు."

మగ్గం ఆపి చెయ్యి చాపాడు. సూది గుచ్చినా ఆ చెయ్యి అదరలేదు. చేతొడుగు వేసుకున్నా, నిండిన సీసా ఆమె వేళ్లకు చల్లగా తగిలింది.

సీసాను ఐసుపెట్టెలో పెట్టి, ఆమె గబగబా గుమ్మం దగ్గరికి వచ్చింది. వెనక మగ్గం మళ్లీ మొదలైంది. గడియ మీద చెయ్యి వేసిందో లేదో, బయట ఎవరో తలుపు తట్టారు.

"మేడం, వచ్చినారా? నేను, తిమ్మయ్యను. హిందూపురం బస్సు లేటయింది. ఈ పాడు కడుపునొప్పితో బిరబిరా నడవలేకపోతిని."

అదే గొంతు. బయటి నుంచి ఆ గొంతే మళ్లీ మెల్లగా అడిగింది.

"లోపల నా మగ్గం నేస్తాండేది ఎవరు మేడం?"

ఆమె వెనక మగ్గం ఆగింది.