ఉప్పు పొట్లం

"మావోణ్ణి తిమింగలం మింగేసిందండమ్మా. దాని కడుపులోనే పొయ్యెట్టుకుని పులుసు కాస్తన్నాడు. ఉప్పైపోయిందని కబురెట్టేడండి," అన్నాడు నూకయ్య, వేటకి తెడ్డు భుజాన వేసుకుంటూ.

పట్నంలో సోషల్ వర్కు చదువుతూ, ఫీల్డు వర్కు కోసం అల్లవరం దగ్గరి ఈ పల్లెకి వచ్చిన లీలావతి నవ్వలేదు. పోయినవాళ్ళని పోయారని ఒప్పిస్తేనే మనసు కుదుటపడుతుందని ఆమె చదివిన పాఠం.

"తాతగారూ, డెబ్బయ్యేడు తుఫానులో మీ అబ్బాయి చనిపోయేరండి. ఒప్పుకోవాలి," అని పాఠం పొల్లుపోకుండా అప్పజెప్పింది.

నూకయ్య తెడ్డు దించేశాడు.

రోజూలాగే ఉప్పు పొట్లం పట్టుకొచ్చిన పోలమ్మ, మొగుడి మొహం చూసి గుమ్మంలోనే ఆగింది. లీలావతిని పక్కకి లాగింది.

"కొడుకు లేడని మాకు తెలీదేటమ్మా? ఈ ఉప్పందించాలన్న వంకతోనే ఆయన మంచం దిగి ఏటకెల్తన్నాడు."

లీలావతి గబగబా నూకయ్య దగ్గరికి తిరిగొచ్చింది. "తాతగారూ... పులుసులోకి చింతపండు కూడా పట్టుకెళ్ళండి," అంది.

నూకయ్య ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఊరుకోండమ్మా. చదువుకున్నోరికి అబద్ధాలు అతకవండి."

తెడ్డు చూరులో దోపి, మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొట్లం పోలమ్మ చేతిలోనే ఉండిపోయింది.