కట్టు విప్పినాక

"రేపట్నుంచి రాను మేడమ్. డాక్టరు చదువు నాకొద్దు," అంది కోమలి, మగ్గం నేసే వెంకటముని కాలికట్టు విప్పుతూ.

నీట్ పరీక్ష రాసేముందు రోగుల్ని చూడమని నాయన ఆమెను నగరిలోని ఈ నర్సింగ్ హోములో చేర్చి మూడు నెలలైంది. పుండ్లు కడిగి కడిగి అలిసిపోయింది.

"నీ ఇష్టం. పుండు మానతా ఉండాది, కట్టేయ్," అంది డాక్టరు ప్రశాంతి.

కోమలి చెయ్యి ఆగింది.

"నిన్న ఈ వాసన లేదు మేడమ్."

డాక్టరు వంగి మడమ పక్కన నొక్కింది. చీము ఉబికివచ్చింది.

"నేను కనుక్కోలేకపోయినాను. ఇంకో రెండ్రోజులు ఆగింటే కాలు తీసేయాల్సి వచ్చేది," అంది నెమ్మదిగా.

వెంకటముని కోమలి చెయ్యి పట్టుకున్నాడు. "రేపు గూడా నువ్వే కడతావు కదా పాపా?"

వంగి వంగి కోమలి నడుము లాగేస్తూనే ఉంది.

"కడతాలే తాతా," అంటూ కోమలి కొత్త గాజుగుడ్డ అందుకుంది.