అద్దం వెనుక మాట

మిల్లు పనినుండి తొలగించిన నాటినుండి అందని నిరుద్యోగ భృతికై సోమలింగం, భార్య భూదేవితో కలిసి, సూరత్ కార్మిక కార్యాలయంలో కౌంటరు అద్దం ముందు మళ్లీ నిలిచాడు.

అద్దం వెనుక గుమాస్తా పక్కవానితో ఏదో అన్నాడు. శబ్దం ఇవతలికి రాలేదు. అయితే మగ్గాల హోరులో పెదవులు చూసి మాట గ్రహించడం సోమలింగానికి అలవాటే.

"ఈయన ఇంకా పనిలోనే ఉన్నట్టు మిల్లు సేఠ్ రాశాడు. భృతి ఎన్నటికీ రాదు. చెబితే ఇక్కడే ఏడుస్తాడు."

గుమాస్తా ఇటు తిరిగి, అద్దానికున్న కన్నం దగ్గరకు వంగి, "అగలే హఫ్తే ఆనా, కాకా," అని వచ్చే వారం రమ్మన్నాడు.

"పైసలు వచ్చే వారం పక్కా వస్తయంటనే," సోమలింగం భార్యతో నవ్వుతూ అన్నాడు.

"ఇగ రావద్దు తియ్యి."

"రాకుంటే ఏడికి పోదమే? గాయన గంత మంచిగ చెప్పిండు గద!"

భూదేవి బదులిచ్చింది. గొంతు పలకలేదు, పెదవులే కదిలాయి:

"నేనూ నీ మగ్గం పక్కన్నే కండెలు చుట్టిన గదయ్యా."