గేటు గొళ్ళెం

"ఏమయ్యా పెద్దమనిషీ! గేటు తీసింది నువ్వేనా?"

వెరేనా వేసిన కేకకి గేటు దగ్గర నిలబడ్డ ముసలాయన ఉలిక్కిపడ్డాడు. డెబ్భై అయిదు దాటి ఉంటాయి. వీపున సంచి, ఒక చేతిలో కర్ర. రెండో చెయ్యి ఇంకా గొళ్ళెం మీదే ఉంది.

గేటు బార్లా తెరిచి ఉంది. లోపల మేస్తూ ఉండాల్సిన పెయ్యలు తొమ్మిదీ లేవు.

"మంద కొండెక్కి ఇంకా నాలుగు రోజులు కాలేదు. అప్పుడే తయారయ్యారా షికార్లకి! తీసిన గేటు మళ్ళీ వెయ్యాలని కూడా తెలీదా?"

"జూన్ వచ్చింది కదమ్మా. గడ్డి పువ్వేసి ఉంటుంది, ఒక్కసారి చూసిపోదామని వచ్చాను."

"చూశావుగా! ఇంక పెయ్యల్ని ఎవరు చూస్తారు?"

"నాకంటే ముందు ఇటు ఎవరైనా వచ్చారా?"

"మా ఆయన వచ్చాడు, పెయ్యలకి ఉప్పు పెట్టడానికి. ఏం, ఆయన మీదికి నెట్టేద్దామనా?"

"మీ ఆయన పేరు?"

"గెబార్డ్. అయితే?"

ముసలాయన గొళ్ళెం మీంచి చెయ్యి తీసేశాడు.

"నేనేనమ్మా. తీసి మరిచిపోయాను."

భార్య అరుపులకి గెబార్డ్ పాకలోంచి బయటికొచ్చాడు. ముసలాయన్ని చూడనే లేదు. ఖాళీ పచ్చికని చూశాడు, పాలిపోయాడు, కర్ర అందుకుని పై వాలు మీదికి పరుగెత్తాడు. ఆ వాలు చివర ఎర్ర చరియ. దాని అంచు దాటితే ఇక నేల లేదు.

పది నిమిషాల్లో పొగమంచు దిగింది.

లిక్టన్‌స్టైన్ కొండల్లో వేసవి మొదట్లో ఎండని నమ్మడానికి లేదు. పాక గుమ్మంలో నిలబడితే ఎదుటి నీటితొట్టి కనబడలేదు. పెయ్యల మెడ గంటలు ఒక్కటీ వినబడలేదు.

వెరేనా మొగుడికి ఫోన్ చేసింది. ఫోన్ లోపల బల్ల మీదే మోగింది.

కింద ఊళ్ళో సహాయ బృందానికి చేసింది.

"ఈ మంచులో హెలికాప్టర్ ఎగరదు. మనుషులు నడిచి రావాలంటే రెండు గంటలు పడుతుంది" అన్నారు.

రెండు గంటలు! పెయ్యలు పోతే పోనీ, మనిషి తిరిగొస్తే చాలనుకుంది. ఆ పెయ్యలు ఊరివాళ్ళు నమ్మి అప్పజెప్పినవన్న సంగతి కూడా గుర్తు రాలేదు.

ముసలాయన గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"సాయంత్రం పిలుపు ఇప్పుడెవరూ పిలవడం లేదా అమ్మా?"

"దాంతో పనేంటి నీకు?"

ఆయన చూపు గోడకి వేలాడుతున్న పెద్ద చెక్క గరాటు మీద ఉంది. పాలు వడకట్టే గరాటు. వెనకటికి కాపరులు పొద్దు వాలాక దాన్ని నోటికి పెట్టుకుని నాలుగు దిక్కులా దేవుడి దీవెన కోరుతూ పిలిచేవారు. అదే సాయంత్రం పిలుపు.

"ముట్టుకోకు దాన్ని! పాత కాపరి ఫ్లోరిన్‌ది అది. ఆ దరిద్రుడిది ఏదీ ఉండకూడదని మా మామగారు పొయ్యిలో పెట్టబోతే, మా ఆయనే అడ్డుపడి దాచుకున్నాడు. ఎందుకో నాకూ చెప్పడు."

"ఏం చేశాడమ్మా ఆ కాపరి?"

"గేటు వెయ్యడం మరిచిపోయాడు. ఏడు ఆవులు చరియ మీంచి పడి చచ్చాయి. ఊరు ఊరంతా కలిసి తరిమేసింది. ముప్పై ఎనిమిదేళ్ళయింది. వాడూ నీలాంటివాడే!"

ముసలాయన వెళ్ళి గరాటు దించాడు.

"చెవిటివాడివా? మా ఆయన తిరిగొచ్చేసరికి నువ్విక్కడ ఉండకు. నీ మొహం నాకు కనబడకూడదు!"

"అలాగేనమ్మా" అని ఆయన బయటికి నడిచాడు.

మొదట గొంతు పెగల్లేదు. దగ్గొచ్చింది. తర్వాత పిలుపు లేచింది.

"ఈ గొంతు వినబడినంత మేరా కాపాడు, తల్లీ మరియా! గొడ్డును కాపాడు! గొడ్డు వెంట వెళ్ళినవాణ్ణి కాపాడు!"

వెరేనా గుమ్మంలో కొయ్యబారిపోయింది. ఆ ఒంట్లో అంత గొంతు ఉందని ఎవరనుకుంటారు?

పావుగంట, అరగంట, గంట. ఆయన ఆపలేదు. గొంతు బొంగురుపోయినా, పెదవులు పగిలినా ఆపలేదు. ఆమె మంచినీళ్ళు తెచ్చిస్తే తల అడ్డంగా ఊపి మళ్ళీ పిలిచాడు.

గంటన్నర దాటాక, మంచులో ఎక్కడో ఒక మెడగంట మోగింది.

తర్వాత ఇంకోటి. ఆ తర్వాత చాలా.

వెరేనా ఏడుస్తూ ఆ మోతకి ఎదురు పరుగెత్తింది. పెయ్యల వెనక గెబార్డ్ వస్తున్నాడు, మోకాళ్ళ దాకా బురదతో. తొమ్మిదీ ఉన్నాయి.

ఇద్దరూ కలిసి మందని లోపలికి తోలి పాక దగ్గరికి వచ్చేసరికి ముసలాయన లేడు. గరాటు మళ్ళీ మేకుకి వేలాడుతోంది. అంచున కాస్త నెత్తురు అంటి ఉంది.

"అడుగు తీసి అడుగేస్తే చరియ అంచు, వెరేనా. అప్పుడు ఆ పిలుపు వెనకనించి వినబడింది. పెయ్యలే ముందు అటు తిరిగాయి. ఎవరు పిలిచింది?"

"ఆ గేటు తీసి వదిలేసిన ముసలాయనే. నానా మాటలూ అన్నాను. నువ్వొచ్చేసరికి వెళ్ళిపొమ్మన్నాను కూడా."

గెబార్డ్ మెట్టు మీద కూలబడ్డాడు.

"గేటు వదిలేసింది నేను. ఉప్పు మూట రెండు చేతులా పట్టుకుని వస్తూ, వెనక్కొచ్చి వేద్దామనుకుని మరిచిపోయాను."

"అదేంటి? తీసింది నేనేనని ఆయనే ఒప్పుకున్నాడే!"

"నా పేరు అడిగాడా?"

"అడిగాడు. చెప్పాక ఒప్పుకున్నాడు."

"కింద బస్సు ఎన్నింటికి?"

"ఆరుంబావుకి. వెళ్ళిపోయి ఉంటుంది."

గెబార్డ్ గరాటు దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంచున ఉన్న నెత్తుర్ని బొటనవేలితో తుడిచాడు.

"ఏడు ఆవులు పోయిన రోజు కూడా గేటు వెయ్యనిది నేనే, వెరేనా, పద్నాలుగేళ్ళవాణ్ణి, మా నాన్న కర్ర ఎత్తగానే ఫ్లోరిన్ నాకు అడ్డంగా నిలబడి ఇదే మాటన్నాడు - 'నేనేనయ్యా, తీసి మరిచిపోయాను.'"