పన్నెండో ఈగ

"ఇది ఆ ఈగ కాదు సార్. దాని తమ్ముడు."

ల్యాబులో అందరూ గొల్లుమన్నారు. ఈగల డాక్టరుకు మాత్రం ఒళ్లు మండింది.

శవం మీద ముసిరిన ఈగ ఏ రకమో చూసి, చావు ఏ రోజు జరిగిందో చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన రిపోర్టు మీదే మొన్న ఒక ముద్దాయికి ఉరిశిక్ష పడింది. అంతటివాడికి, కాజాలు కుట్టుకుని బతికే ఒక ఆడమనిషి, కోర్టు కాగితాల్లోని ఈగ ఫోటో పట్టుకుని మూడు వారాలుగా పాఠం చెబుతోంది.

"రెండు రకాలూ పచ్చగానే మెరుస్తాయి సార్. తల వెనక చూడండి. మీరు రాసిన రకానికి అటొక వెంట్రుక, ఇటొక వెంట్రుక ఉండాలి. దీనికి మూడేసి ఉన్నాయి. లైబ్రరీ పుస్తకం పక్కన పెట్టుకుని లెక్కపెట్టాను."

"ఉంటే?"

"ఇది నిదానంగా పెరిగే రకం. అంటే చావు మంగళవారం కాదు, సోమవారం. సోమవారమంతా ఆ అబ్బాయి ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు."

ఓహో, ముద్దాయి తల్లా! ఆయనకు విషయం అర్థమైపోయింది.

"చూడమ్మా, కొడుకు మీద ప్రేమ ఉండొచ్చు. ప్రేమతో ఈగకి వెంట్రుకలు మొలవవు."

ఆమె ఏదో చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపేశాడు. ఎదుటి మనిషెవరో అడిగి తెలుసుకునే ఓపిక ఆయనకు ఏనాడూ లేదు. ఆ ల్యాబులో శవాలకే పేర్లుండవు, నంబర్లే.

నలుగురిలో పరువు తీస్తే మళ్లీ రాదనుకున్నాడు. బీరువాలోంచి పన్నెండు ఈగల ఫోటోలు తీసి బల్ల మీద పరిచాడు. ఏది ఏ రకమో వాటి వెనక రాసి ఉంది.

"అంత తెలిసినదానివి కదా, వీటిని రెండు కుప్పలు చెయ్యి. ఒక్కటి తప్పినా ఈ గడప తొక్కకూడదు."

ఆమె బల్ల మీదకు వంగింది. సూదిలో దారం ఎక్కించేటంత శ్రద్ధగా ఒక్కో ఫోటో చూసి, ఇటొకటి అటొకటి సర్దింది.

ఆయన తిప్పి చూడసాగాడు. మొదటిది సరిపోయింది. ఐదు సరిపోయాయి. పదకొండు సరిపోయేసరికి గదిలో నవ్వులు ఆగిపోయాయి.

పన్నెండోది తప్పు.

"దీనికి కూడా మూడేసి ఉన్నట్టున్నాయి సార్..."

"అది నేను పట్టి, నేను పేరు రాసిన ఈగ! పదేళ్లుగా ప్రతి ఈగనీ దాంతోనే పోల్చి చూస్తున్నాం. వెళ్లి కాజాలు కుట్టుకో."

ఆమె చేతులు జోడించింది. "ఉరి తీసేస్తారు సార్. ఒక్కసారి భూతద్దం కింద పెట్టి..."

"పంపించెయ్యండి."

పంపించేశారు.

ముద్దాయి ఉరి తీసేదాకా ఆగలేదు. ఆ నెలలోనే జైలు గదిలో తువ్వాలుతో ఉరేసుకున్నాడు. పేపర్లో రెండు లైన్లు వచ్చాయి. ఈగల డాక్టరు వాటిని చదివి పేజీ తిప్పాడు.

ఆర్నెల్ల తర్వాత ఆయన రాసిన పుస్తకం అచ్చుకు వెళ్తుంటే, ఆ పన్నెండో ఫోటోను పెద్దది చేయాల్సి వచ్చింది. తెర మీద ఈగ తల గుమ్మడికాయంత అయింది. ఊరికే లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. అటువైపు కూడా మూడే.

తప్పు ఈగతో పోల్చాడు, తప్పు రోజు చెప్పాడు, నిండు ప్రాణం తీశాడు.

విజిటర్ల పుస్తకంలో చిరునామా వెతుక్కుని ఆమె ఇంటికి పరుగెత్తాడు. ఒకే గది, కిటికీ పక్కన కుట్టుమిషను. ఆమె లేచి కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేకపోయాడు.

"మీరు చెప్పిందే నిజమమ్మా. మీ అబ్బాయిని నేనే పొట్టన పెట్టుకున్నాను."

ఆమె మిషను మీది గుడ్డ తీసి మడిచి పక్కన పెట్టింది.

"ఆ అబ్బాయెవరో నాకు తెలీదు సార్. అసలు చంపినవాణ్ని వెతుకుతారేమోనని మీ దగ్గరికి వచ్చాను. ఆ ఈగలు ముసిరింది మా అమ్మాయి ఒంటి మీద."