పొద్దు వాలేలోగా

ఆ రోజు అత్తగారి ఒంటిమీదికి నిజంగా అమ్మవారు వచ్చిందా, రాలేదా? ఇరవై ఎనిమిదేళ్ళుగా సీతామహాలక్ష్మికి ఈ సందేహం తీరలేదు. అడుగుదామంటే అత్తగారు ఇప్పుడు లేదు. అడగాల్సిన అవసరం మాత్రం ఇవాళ వచ్చిపడింది.

"తాడు ఇంకాస్త బిగించండి," అంటున్నాడు వసారాలో భూతవైద్యుడు.

కోడలు పరమేశ్వరిని గుంజకు కట్టేస్తున్నారు. ఆ పిల్లకు పురిట్లోనే బిడ్డ పోయి నలభై రోజులైంది. పదకొండో రోజు దాటగానే చేతికి కవ్వం ఇచ్చారు. మజ్జిగ చిలుకుతూ చిలుకుతూ ఆగిపోయి, గోడవంక చూస్తూ కూర్చునేది. తర్వాత తిండి మానేసింది. మాట మానేసింది. నిన్న పొయ్యిమీద అన్నం మాడి ఇల్లంతా పొగ కమ్మినా కదల్లేదు. అది గాలి చేష్టేనని తేల్చేశాడు ఇంటికి పెద్ద, సీతామహాలక్ష్మి బావగారు శ్రీరాములు.

"ఏవండీ, మీరైనా బావగారికి చెప్పండి," తలుపు చాటునుంచి భర్తతో అంది సీతామహాలక్ష్మి. "దానికి గాలీ లేదు, ధూళీ లేదు. కడుపుకోత. విస్సన్నపేట పంపిస్తే వాళ్ళమ్మ ఒళ్ళో పడి ఏడ్చుకుంటుంది."

వీరరాఘవయ్య అన్నగారి ముందు ఏనాడూ గొంతెత్తి ఎరగడు. "అన్నయ్యా, మరి..." అన్నాడు.

"ఏంట్రా మరి? ఆడవాళ్ళ మాటలు పట్టుకుని ఊళ్ళో నవ్వులపాలవుదామా? మన అమ్మ ఎనిమిదిమందిని కని ముగ్గుర్ని పోగొట్టుకుంది. ఒక్కరోజైనా మనింట్లో పొయ్యి వెలగకుండా ఉందా?" శ్రీరాములు చూపు తమ్ముడి కొడుకు మీద పడింది. "ఒరే చంద్రశేఖరం, నువ్వెందుకురా కళ్ళు తుడుచుకుంటావ్, మగపుటక పుట్టి? పో అవతలికి!"

చంద్రశేఖరం పెళ్ళాం వంక ఒకసారి చూసి, తలొంచుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

భూతవైద్యుడు చింతబరికె తీసి నీళ్ళలో ముంచాడు. సీతామహాలక్ష్మి చెయ్యి తనంతట తానే ఎడమ భుజం మీది మచ్చ మీదికి పోయింది. అదే గుంజ. అలాంటి బరికె. తన మొదటి బిడ్డ పోయినప్పుడు మూడో దెబ్బ పడబోతుండగా అత్తగారు జుట్టు విరబోసుకుని ఊగిపోతూ వచ్చింది. "విప్పండ్రా! పుట్టింటికి పంపండ్రా!" అంది. అమ్మవారు చెప్పిన మాట పొద్దు వాలేలోగా జరిగి తీరాలనేది ఆ ఇంటి కట్టుబాటు. పెద్దవాళ్ళయినా కాదనరు. ఆ సాయంత్రానికి తను అమ్మ దగ్గరుంది.

సీతామహాలక్ష్మి దేవుడి గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసింది.

"తల్లీ, నీ పేరు చెప్పి అబద్ధం ఆడబోతున్నాను. నువ్వే వస్తే నాకీ పాపం తప్పుతుంది. రాకపోతే, తప్పు కాయి. నువ్వు వచ్చినా ఇంతకంటే వేరే మాట అనవులే."

జుట్టు ముడి విప్పింది. మొహానికి పసుపు పూసుకుంది. తలుపు తియ్యబోయింది.

"ఆపండ్రా!"

ఇల్లు దద్దరిల్లిపోయింది. అది ఆమె గొంతు కాదు. తలుపు సందులోంచి చూసి కొయ్యబారిపోయింది.

వసారా మధ్య వీరరాఘవయ్య! భుజం మీది కండువా జారిపోయింది. భూతవైద్యుడు పక్కన పెట్టుకున్న వేపమండలు లాక్కుని ఊగిపోతున్నాడు.

"ఒరే శ్రీరాములూ! నా బిడ్డ ఒంటిమీద ఒక్క దెబ్బ పడిందో, నీ ఇంట దీపం పెట్టే దిక్కుండదురా!"

అన్నయ్యా అని తప్ప పిలిచి ఎరగని నోట ఒరే!

"మగాడికి పూనకమేంటమ్మా, చోద్యం!" అంది పక్కింటి బాలామణి.

"ఊరుకోవే, వింటుంది!" అని ఆమె నోరు మూసింది వాళ్ళత్త.

శ్రీరాములు చెంపలేసుకుని కర్పూరం వెలిగించాడు. "తల్లీ, ఏం కావాలమ్మా?"

"పిల్లని విప్పు. పుట్టింటికి పంపు. అది కడుపారా ఏడవాలి. తనంతట తాను వస్తాననేదాకా ఎవరూ పిలవకూడదు. పెరట్లో ఉన్న వాణ్ణి కూడా పంపు. వాడూ ఏడవాలి!"

"అమ్మవారి ముందు నేనెంత బాబూ," అంటూ బరికె చంకలో పెట్టుకుని భూతవైద్యుడు మెట్లు దిగాడు. వీరరాఘవయ్య కుప్పకూలిపోయాడు. నలుగురూ పట్టుకుని గదిలో పడుకోబెట్టారు.

సీతామహాలక్ష్మి గబగబా మొహం కడుక్కుని జుట్టు ముడేసుకుంది. మధ్యాహ్నం బస్సుకి కొడుకునీ కోడల్నీ ఎక్కించింది. బస్సు కదలబోతుంటే పరమేశ్వరి ఆమె చెయ్యి పట్టుకుని "అత్తయ్యా" అంది. అంతే, కట్ట తెగినట్టు ఏడ్చింది. పక్కనే చంద్రశేఖరం కూడా.

ఇంటికొచ్చాక, మొర ఆలకించిన తల్లికి దండం పెట్టుకుని, తడిగుడ్డతో భర్త మొహం తుడవబోయింది. వీరరాఘవయ్య ఒక కన్ను తెరిచాడు.

"బస్సు వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"హమ్మయ్య. మెడ పట్టేసిందే. అవునూ, నీ చెవి పక్కన ఆ పసుపేంటి?"

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మరి... ఆ రోజు అత్తయ్యకి?" అని మెల్లగా అడిగింది.

వీరరాఘవయ్య తలుపులోంచి వసారాలోని గుంజ వైపు చూశాడు.

"ఆ రోజు ఊగాల్సింది నేను సీతా. మగాణ్ణి, నలుగురూ నవ్వుతారని అమ్మ కాళ్ళమీద పడ్డాను. నా బదులు ఆవిడ ఊగింది. నీకు ఆ బాకీ ఇవాళ్టికి తీర్చాను."