చెవి గాట్లు

సోమవారం ఉదయం పదిన్నరకు తాండూరు పార్కు గేటుకు అంబిక చెక్కిన రాతి యాళి బొమ్మ ఎంపికైంది. ఆమెకు ఉలి పట్టడం నేర్పిన అన్న పరశురాం చెక్కింది వెనక్కి వచ్చింది.

అంబిక యాళికి సింహం ముఖం, ఏనుగు తొండం ఉన్నాయి. పరశురాం అందరి ముందూ తప్పు వెతికాడు.

"చెవి పగిలింది. గిసొంటిది గేటుకు పెడ్తరా?"

"పగల్లే అన్నా. జర తడిమి చూడు."

చెవి అంచున రెండు గాట్లు పరశురాం వేలికి తగిలాయి. గొర్రె తప్పిపోతే గుర్తుపట్టేందుకు తాత తమ మంద చెవులకు పెట్టే గాట్లవి.

"ఇంటి గుర్తు కొడుకులకే వస్తది. నీకెవరిచ్చిండ్రే?"

"తాతనే. నువ్వు మంద అమ్మిననాడు."

శుక్రవారం తొమ్మిదింటికి యాళిని నిలబెడతారు. చూస్తానని కబురు పెట్టిన తాతను ఊరు బంట్వారం నుంచి బండి మీద తీసుకురావలసింది పరశురామే.